బుడగలు ఆగితే పిలవండి

మా బాబు 31 వారాలకే పుట్టాడు, 1,400 గ్రాములు. పరకాలలో రాత్రి నొప్పులు మొదలైతే 108లో వరంగల్‌కు తెచ్చాం. బిడ్డ ఊపిరితిత్తుల కోసమని నా భార్యకు డెక్సామెథాసోన్ ఇంజెక్షన్ ఇచ్చారు, 12 గంటలకొకటి చొప్పున నాలుగు పడాలట, మాకు రెండు పడేసరికే ఆపరేషన్ అయిపోయింది.

పుట్టిన గంటకే డొక్కలు ఎగరేయడం మొదలుపెట్టాడు. ముక్కుపుటాలు అదురుతున్నాయి, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా మూలుగుతున్నాడు. మా అమ్మ ఏడుస్తున్నాడనుకుంది. ఏడుపు కాదమ్మా, ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా వాడే గాలి పట్టి ఉంచుకుంటున్నాడు అన్నారు డాక్టర్. వాటిని విచ్చుకుని ఉంచే సర్ఫాక్టెంట్ అనే పదార్థం నెలలు నిండని పిల్లల్లో సరిపడా ఉండదట.

ముందు సీపాప్ పెట్టారు, అంటే ముక్కు ద్వారా ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే ఏర్పాటు. ముక్కులో రెండు చిన్న గొట్టాలు, ఇంకో గొట్టం చివర నీళ్ల సీసాలో ఐదారు సెంటీమీటర్లు మునిగి ఉంటుంది, అందులో బుడబుడమని బుడగలు. అంతేనా మిషన్ అనుకున్నాను, కానీ ఆ నీటి లోతే వాడి ఊపిరితిత్తులు మూసుకుపోకుండా పట్టే ఒత్తిడి అని సిస్టర్ చెప్పింది. బుడగలు ఆగితే ముక్కు గొట్టం జారిందో, నోరు తెరిచాడో, మమ్మల్ని పిలవండి అంది. నన్ను లోపలికి రానిచ్చినంతసేపూ నా చూపంతా సీసా మీదే.

వాడికిచ్చే గాలిలో ఆక్సిజన్ 50 శాతం దాకా పెంచాల్సి రావడంతో సర్ఫాక్టెంట్‌ను శ్వాసనాళంలోకి పోశారు. ఖరీదైన మందే. సాయంత్రానికి ఆక్సిజన్ 30కి తగ్గించారు. నాకింకో టెన్షన్, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే మానిటర్‌లో 91, 92 కనిపిస్తే 100 ఎందుకు లేదని గొడవ పెట్టుకునేవాణ్ణి. ఇంత చిన్న పిల్లలకు 90 నుంచి 95 మధ్య చాలు, ఆక్సిజన్ ఎక్కువైతే కంటి లోపలి రక్తనాళాలు దెబ్బతింటాయి అని చెప్పాక నోరు మూసుకున్నాను.

మూడో రోజు ఉన్నట్టుండి ఊపిరి ఆపేశాడు. సిస్టర్ అరికాలు మీద వేలితో కొట్టగానే మళ్లీ తీసుకున్నాడు. మరీ ముందుగా పుట్టిన పిల్లల్లో ఇది మామూలేనట, కెఫీన్ మందు మొదలుపెట్టారు. చాయ్ తాగే వంశం కదా, అలవాటైపోతుందిలే అని మా బాపు నవ్వించాడు, ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

నా భార్య పిండిన పాలు సిరంజిలో పట్టుకుని మెట్లెక్కడం ఒక్కటే నా పని. తొమ్మిదో రోజు సీపాప్ తీశారు. ఆ సాయంత్రమే వాణ్ణి ఆమె గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టారు. నేను అలవాటుగా సీసా కోసం వెతికాను.