ఆరు రీడింగులకూ 980

మన ఫిజిక్స్ ల్యాబ్‌లో లఘులోలకం ప్రయోగం ఎలా చేసేవాళ్లమో ఇప్పుడు చెప్పేసినా ఎవరూ మార్కులు కోయరు. కిందపడే వస్తువు వేగం ఎంత చొప్పున పెరుగుతుందో చెప్పే జీ విలువ (గురుత్వ త్వరణం) 980 సెం.మీ./సె² రావాలని ముందే తెలుసు. అందుకని 20 డోలనాలకు ఎన్ని సెకన్లు పడితే ఆ అంకె వస్తుందో వెనక నుంచి లెక్కకట్టి, ఆ సెకన్లనే రీడింగుల గడిలో నింపేవాళ్లం. స్టాప్‌వాచ్ బల్ల మీద ఊరికే పడుండేది. మాస్టారు నా రికార్డు తిరగేసి, "ఆరు రీడింగులకూ 980 వచ్చిందంటే నువ్వు లోలకాన్ని ముట్టుకోనే లేదురా" అన్నారు. మళ్లీ చేయించారు. 961, 994, 972... వంకరటింకరగా వచ్చాయి. మారుమాట లేకుండా సంతకం పెట్టారు.

అట్టపెట్టెల తయారీ మొదలుపెట్టాక మొదటి మూడేళ్లూ నేను చేసింది ఆ పాత పనే. ఫలితం చూసి, దానికి సరిపోయే కారణం రాసుకోవడం. ఆర్డరు పోతే అవతలివాడు రేటు తగ్గించాడు. ఆర్డరు వస్తే నా తెలివి.

ఒక కస్టమర్ ఫోన్ చేసి, గోడౌన్‌లో అడుగు వరస పెట్టెలు కుంగిపోతున్నాయన్నాడు. "మీవాళ్లు పేర్చడం సరిగ్గా లేదండీ" అనేశాను, చూడకుండానే. నెల తిరక్కుండా ఇంకో కస్టమరూ అదే మాట. ఈసారి వెళ్లాను. అక్కడ సరుకు దించే పెద్దాయన ఒక పెట్టె మూలను బొటనవేలితో నొక్కి చూపించాడు. మెత్తగా లోపలికి పోయింది. "ఎండ ఉన్నన్నాళ్లూ నిలబడతాయి బాబూ. ముసురు పట్టిందంటే రెండో రోజుకే ఇలా అయిపోతాయి" అన్నాడు. గాలిలో తేమ 50 శాతం నుంచి 90కి చేరితే అట్టపెట్టె మోయగల బరువు దాదాపు సగానికి పడిపోతుందని తర్వాత చదివాను. నేను పెట్టెల్ని పరీక్షించింది మాత్రం పొడిగా ఉన్న గదిలో!

తమాషా ఏమిటంటే, పేర్చడంలోనూ తప్పుంది. పెట్టె బలం చాలావరకు మూలల్లోనే ఉంటుంది. వాళ్లేమో గోడకు ఇటుకలు పేర్చినట్టు, ఒకదాని మూల ఇంకోదాని నడుమ మీదికి వచ్చేలా పెడుతున్నారు. అంటే ఫోన్‌లో నేనన్న మాట సగం నిజమే. కానీ తెలిసి అన్నది కాదు, తప్పించుకోవడానికి అన్నది. పెట్టెలు వెనక్కి తీసుకున్న నష్టం కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. పని మొదలవకముందే ఏమవుతుందనుకుంటున్నానో ఎడమ పేజీలో, చివరికి ఏమైందో కుడి పేజీలో. కొట్టివేతలు ఉండకూడదు. ఒక పార్టీ నుంచి 45 రోజుల్లో డబ్బు వస్తుందని రాశాను. 92 రోజులకు వచ్చింది. రాసి ఉండకపోతే "కాస్త లేటయింది" అనుకుని మర్చిపోయేవాణ్ణి. లెక్కల్లో లాభం ఉన్నా జీతాల రోజున టెన్షన్ ఎందుకొస్తోందో ఆ రెండంకెలూ పక్కపక్కన చూశాకే అర్థమైంది. బాగా నడిచిన ఏడాది విషయంలో ఆ నోట్‌బుక్ ఇంకాస్త నిర్దయగా ఉంది: నా అమ్మకాలు పెరిగిన నాలుగు నెలలూ పోటీవాడి మెషీన్ రిపేరులో ఉంది.

ఒక ట్రైనింగ్ క్లాసులో, అనుభవం నుంచి మనిషి ఎలా నేర్చుకుంటాడో వివరిస్తూ 1984లో అమెరికన్ విద్యావేత్త డేవిడ్ కోల్బ్ చెప్పిన చక్రాన్ని బోర్డు మీద గీశారు. అనుభవం, దాన్ని తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం తీయడం, ఆ సూత్రాన్ని మళ్లీ పనిలో పెట్టి చూడటం. మన ల్యాబ్ రికార్డు గుర్తొచ్చి నవ్వుకున్నాను. నాకు కష్టమైంది ఆ రెండో మెట్టే. దానికి తీరిక లేక కాదు, పరువు అడ్డమొచ్చి.

ఇప్పుడు ఎడమ పేజీ మా సూపర్‌వైజర్ కుర్రాడు రాస్తున్నాడు. పోయిన నెల తిరగేస్తే ఆరు అంచనాలూ అచ్చుగుద్దినట్టు నిజమయ్యాయి. "ఇవి ఎప్పుడు రాశావు నాయనా?" అన్నాను. పెన్ను మూత తిప్పుతూ నేల చూపులు చూశాడు.