నాన్న వేలిముద్ర

నాన్న వేలిముద్ర నాలుగోసారి కూడా పడలేదు. గుంటూరు బ్రాడీపేటలో, పెన్షనర్ బతికే ఉన్నారని ఏటా చూపించే లైఫ్ సర్టిఫికెట్ కోసం. ముప్పై మూడేళ్లు సుద్దముక్క పట్టిన వేళ్లు, గీతలు అరిగిపోయాయి. చెయ్యి పంచెకి తుడుచుకుని గట్టిగా నొక్కితే అప్పుడు పడింది. ఆయన ముఖంలో ఆ నిశ్చింత!

నాకది లేదు. 2004 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్లలాగే నాదీ సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టి కూడబెట్టుకునే పెన్షన్. బేసిక్, డీఏ కలిపి అందులో 10 శాతం నెలనెలా కట్ అవుతుంది. రేపు చేతికి ఎంతొస్తుందో మార్కెట్ చెప్పాలి. నాన్నది పాత పెన్షన్, ఆఖరి జీతంలో సగం లెక్క, పైన ధరలతో పాటు పెరిగే డీఆర్.

ఆటో ఎక్కాక డ్రైవర్ అడిగాడు, "పెద్దాయనకి నెలకెంతొస్తుంది సార్?" చెప్పాను.

"మా అమ్మకి ఎన్టీఆర్ భరోసా పెన్షన్ 4,000 వస్తాయండి. ఒకటో తారీకు కోసం చూస్తా ఉంటది" అన్నాడు.

పాత పెన్షన్ కోసం నేనూ ధర్నాల్లో కూర్చున్నాను. ఇప్పటికీ కావాలనే అంటాను, అది మా కష్టానికి దక్కాల్సిందే. కానీ నా పెన్షనూ, వాళ్లమ్మ నాలుగు వేలూ, మా బడికి రావాల్సిన గదులూ అన్నీ ఒకే ఖజానాలోంచి రావాలి. అతను పన్ను కట్టేది కూడా అందులోకే, డీజిల్ కొట్టించిన ప్రతిసారీ. ఏం మాట్లాడాలో తోచలేదు.

పక్కన నాన్న ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నారు.