సగటు బాగుంది, అమ్మ ఫోన్‌లో ఎక్కిళ్ళు

"ఒరే, నీ యాప్‌కి ఎక్కిళ్ళు వస్తున్నాయిరా" అంది అమ్మ. నేను సరదాకి రాసుకున్న వంటల యాప్ అది. నా ఫోన్‌లో నున్నగా జారుతుంది. అమ్మది పాత, చవక ఫోన్. ఫొటోల లిస్టు పైకి జరిపితే నిజంగానే ఆగి ఆగి కదిలింది.

ముందు సగటు ఎఫ్‌పీఎస్, అంటే తెర మీద సెకనుకి ఎన్ని ఫ్రేములు (బొమ్మలు) మారుతున్నాయో చూశాను. 58 పైనే. ఇంకేం కావాలి అనుకున్నా. తర్వాత కాగితం మీద లెక్క వేస్తే విషయం తెలిసింది. సెకనుకి 60 సార్లు మారే 60 హెర్ట్జ్ స్క్రీన్‌లో ఒక్కో ఫ్రేముకి దొరికేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. పది సెకన్లలో ఒకసారి 200 మిల్లీసెకన్లు బిగుసుకుపోయినా పోయేది డజను ఫ్రేములే, సగటు 58.8 దగ్గరే నిలుస్తుంది. కంటికి మాత్రం ఆ ఒక్క కుదుపే కనిపిస్తుంది.

దాంతో ఫ్రేములకి ఎంత సమయం పట్టిందో చెప్పే ఆండ్రాయిడ్ కమాండ్, డంప్‌సిస్ జీఎఫ్ఎక్స్ఇన్ఫో పట్టుకున్నాను. ప్రతిసారీ రీసెట్ కొట్టి, అదే లిస్టు జరిపి, అంకెలు తీయడం. అన్నీ ఘోరంగా వచ్చాయి. రోజంతా టెన్షన్ పడ్డాక తట్టింది, నేను కొలుస్తున్నది డీబగ్ బిల్డ్, అంటే తప్పులు వెతుక్కోడానికి తయారుచేసుకునే రకం! అది ఎలాగూ నెమ్మదే. నా బుద్ధికి నేనే మొట్టికాయ వేసుకుని జనానికి ఇచ్చే రకం, రిలీజ్ బిల్డ్ ఎక్కించాను. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది కాబట్టి మధ్యలో చల్లారనిస్తూ ఐదుసార్లు కొలిచాను. 50వ పర్సంటైల్ 7 మిల్లీసెకన్లు, అంటే నూటికి 50 ఫ్రేములు అంతలోపే అయిపోయాయి. 90వది 14. 99వది 150! అమ్మ చెప్పిన ఎక్కిళ్ళు ఇవే.

ఎక్కడ ఆగుతోందో జీఎఫ్ఎక్స్ఇన్ఫో చెప్పదు. పెర్‌ఫెట్టో అనే టూల్‌తో ట్రేస్ (ఏ క్షణంలో ఏ పని జరిగిందో చూపే రికార్డు) తీసి చూస్తే, కొత్త వరుస తెరపైకి వచ్చినప్పుడల్లా తెర పని చూసుకునే మెయిన్ థ్రెడ్‌లోనే బొమ్మ డీకోడ్ అవుతోంది, అంటే ఫొటో ఫైలు విప్పి పిక్సెళ్ళుగా మారుతోంది. కెమెరాలో తీసిన 4000×3000 ఫొటోలు, పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే మెమరీలో ఒక్కోటి 48 ఎంబీ. చూపించేదేమో తపాలా బిళ్ళంత. ఆ కోడ్ రాసింది ఎవరో కాదు, నేనే. చిన్న సైజులో, తెరని ఆపకుండా పక్కన నడిచే బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో డీకోడ్ చేసేలా మార్చాను. 99వ పర్సంటైల్ 21కి దిగింది.

ఇన్‌స్టాల్ చేశాక మొదటిసారి జరిపినప్పుడు మాత్రం ఇంకా కాస్త తడబడుతోంది. కోడ్ అప్పటికి కంపైల్ అయి (ప్రాసెసర్ నేరుగా నడిపే రూపంలోకి మారి) ఉండదు కదా. ఏ కోడ్‌ని ముందే కంపైల్ చేయాలో చెప్పే బేస్‌లైన్ ప్రొఫైల్ పెట్టి, వచ్చే ఆదివారం మళ్ళీ అమ్మ ఫోన్ అడగాలి.