మూడోసారికి హైట్ పాస్ వచ్చింది, హార్నెస్ విషయంలో నా అనుభవం

ఇవాళ సాయంత్రం హైట్ పాస్, అంటే ఎత్తులో పని చేయడానికి ఇచ్చే అనుమతి, చేతికొచ్చింది. మూడోసారికి. ముందు రెండుసార్లూ హార్నెస్ (పడితే పట్టి ఆపడానికి ఒంటికి తొడుక్కునే పట్టీల బెల్టు) దగ్గరే వెనక్కి పంపారు. ఆ మంట ఇంకా చల్లారకముందే రాసేస్తున్నా, ఎందుకంటే నాలాగే చాలామంది "బెల్టు ఏదైతే ఏంటి" అనుకుని ఎక్కేస్తున్నారు.

మెడికల్ అరగంటలో అయిపోయింది, బీపీ చూశారు, చూపు చూశారు, కళ్ళు మూసుకుని నిలబడమన్నారు. క్లాసు ఒక పూట. రాతపరీక్ష విన్నవాడెవడైనా రాసేస్తాడు.

తర్వాత హార్నెస్ చెకింగ్. నాది మా మేస్త్రి ఇచ్చింది, నాలుగేళ్ళుగా దాంతోనే స్టీల్ స్ట్రక్చర్ల మీద బోల్టింగ్ పని చేస్తున్నా. సేఫ్టీ ఆఫీసర్ దాన్ని తిరగేసి "లేబుల్ ఏది?" అన్నాడు. అరిగిపోయింది సార్ అన్నా. ఎప్పుడు తయారైంది? తెలీదు. దీంతో ఎవరైనా పడ్డారా? తెలీదు సార్. అప్పుడాయన భుజం పట్టీని రెండు చేతులతో పట్టుకుని విల్లులా వంచాడు, లోపలి పోగులు తెగి తెల్లగా నూగులా పైకి లేచాయి, పక్కన వెల్డింగ్ నిప్పురవ్వ పడి గట్టిపడిన చిన్న కంత. ఇంకోచోట పట్టీని మడతపెట్టి కుట్టి ఉంటుంది, అది విప్పుకుని ఉంది. "ఈ కుట్టు ఊరికే విప్పుకోదు, గట్టి కుదుపు తగిలితేనే తెగేలా కుడతారు. ఇది ఒకర్ని ఆల్రెడీ ఆపింది" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. ఒకసారి పడ్డ హార్నెస్ మళ్ళీ వాడకూడదు, అది పక్కన పడేయాల్సిందే. నాలుగేళ్ళు నేను తొడుక్కున్నది అదే. మేస్త్రికి ఈ సంగతి తెలుసో తెలీదో గానీ, తెలిసి ఇచ్చుంటే మాత్రం క్షమించను.

సరే, కొత్తది కొన్నా. అక్కడ ఇంకో తప్పు చేశా. హుక్ తగిలించే రింగులు ఎన్ని ఎక్కువుంటే అంత సేఫ్ అనుకుని ఐదు రింగులది తీసుకున్నా. అమ్మినాయన "యూనివర్సల్ సైజు, అందరికీ సరిపోద్ది" అన్నాడు, ఎంత బరువు దాకా అని అడిగితే "లారీ కట్టినా తెగదు" అన్నాడు. నమ్మా.

రెండోసారి జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. ఆఫీసర్ నన్ను షూ, హెల్మెట్, టూల్ బ్యాగ్ అన్నీ వేసుకుని కాటా మీద నిలబడమన్నాడు. నేను 92 కేజీలు, సామాన్లతో 105 వచ్చింది. "ఇప్పుడు నీ లేబుల్ అందరికీ వినపడేలా చదువు" అన్నాడు. గరిష్ఠం 100 కేజీలు, పనిముట్లతో కలిపి. ఇరవై మంది ముందు అది నా నోటితో చదివించాడు. అక్కడితో వదిలేస్తే బావుండేది. సైజు కూడా చూద్దాం రా అని నేల నుంచి అడుగు ఎత్తున కొక్కేనికి వేలాడదీశాడు.

వేలాడగానే తెలిసింది. తొడ పట్టీలు వదులుగా ఉన్నాయి, ఒళ్ళంతా కిందికి జారి హార్నెస్ పైకి లేచింది, వెనక రింగు మెడ వెనక గుద్దుకుంది, ఛాతీ పట్టీ గొంతుదాకా వచ్చేసింది. రెండు నిమిషాలు కాకముందే కాళ్ళు మొద్దుబారాయి, చెవుల్లో హోరు. దించమని నేనే అడగాల్సొచ్చింది, అందరూ చూస్తున్నారు, ఎవరో ఫోన్ కూడా తీశారు. ఆయన దింపి, నీళ్ళిచ్చి, అప్పుడు చెప్పాడు: కదలకుండా వేలాడితే రక్తం కాళ్ళలోనే ఆగిపోయి గుండెకి తిరిగి రావడం తగ్గిపోతుంది, అలాగే వదిలేస్తే స్పృహ తప్పుద్ది, ప్రాణం కూడా పోవచ్చు. అందుకే పడినవాణ్ణి వెంటనే దించే ఏర్పాటు ముందే ఉండాలి, హార్నెస్‌కి కాళ్ళు పెట్టి నిలబడే చిన్న పట్టీలు ఉంటే ఆ కాసేపు కాపాడతాయి. ఆయన పద్ధతి మీద నాకింకా కోపమే, కానీ చెప్పిన మాట నిజం.

ఆ రోజు ఆయన చెప్పింది, నేను తర్వాత చదివింది కలిపి రాస్తున్నా. పడితే ఆపేది ఫుల్ బాడీ హార్నెస్ ఒక్కటే, రెండు భుజాల ఎముకల మధ్య వచ్చే వెనక రింగుకే సాధారణంగా లాన్యార్డ్ (హార్నెస్‌ని బీముకి కలిపే హుక్ తాడు) తగిలించాలి. నడుం దగ్గర రెండు పక్కల ఉండే రింగులు స్తంభానికి ఆనుకుని రెండు చేతులతో పని చేసుకోడానికి మాత్రమే, పడకుండా ఆపే హుక్ వాటికి తగిలించారో నడుం విరిగిపోద్ది. ఛాతీ ముందు రింగు నిచ్చెన ఎక్కేటప్పుడు పక్కన నిలువుగా ఉండే తాడుకో కమ్మీకో, పొట్ట దగ్గరది తాడు మీద కూర్చుని దిగేవాళ్ళకి, భుజాల మీద రెండుంటే ట్యాంకులోంచి మనిషిని నిటారుగా పైకి లాగడానికి. ఒట్టి నడుం బెల్టునైతే పడేవాణ్ణి ఆపడానికి వాడకూడదని అమెరికాలో 1998 జనవరి 1 నుంచే రూల్ ఉంది, మన మేస్త్రీలు మాత్రం ఇంకా అదే కట్టి ఎక్కిస్తున్నారు. మనిషి ప్రాణానికి కట్టే వస్తువు కదా అది, ఒక్క నిమిషం లేబుల్ చదవడానికి ఎందుకంత బద్ధకం మనకి?

నన్ను బాగా తికమక పెట్టింది మాత్రం ఎత్తు లెక్క. ఎక్కువ ఎత్తే ప్రమాదం అనుకునేవాణ్ణి. బోర్డు మీద నాతోనే వేయించాడు. హుక్ కాళ్ళ దగ్గర బీముకి తగిలించా అనుకో, లాన్యార్డ్ 2 మీటర్లు, కుదుపు తగ్గించడానికి దానికుండే షాక్ అబ్జార్బర్ చిరుగుతూ సాగేది 1.75 దాకా, వెనక రింగు నుంచి పాదాల దాకా మనిషి ఇంకో 1.5, పాదాల కింద ఇంకో 1 మీటరు ఖాళీ. మొత్తం 6.25 మీటర్లు. మేం పని చేసే కింది ప్లాట్‌ఫాం ఉన్నది నేల నుంచి 5 మీటర్ల ఎత్తులో! అంటే అబ్జార్బర్ పని పూర్తయ్యేలోపు నేను నేల మీదుంటా. అబ్జార్బర్ లేని తాడు పెడదామా అంటే కుదుపు మొత్తం ఒంటి మీదే, అబ్జార్బర్ ఉంటే దాన్ని 6 కిలోన్యూటన్లలోపు ఉంచుతుంది, అదే దాదాపు 600 కేజీల లాగుడు. కాబట్టి తక్కువ ఎత్తులో పని చేసేటప్పుడు హుక్ తల పైన తగిలించాలి, లేదా సీటు బెల్టులా టక్కున లాక్ అయ్యే రకం పైన కట్టాలి.

మూడోసారి వెతికి వెతికి తీసుకున్నా. ఈ.ఎన్. 361 (ఫుల్ బాడీ హార్నెస్‌కి యూరప్ ప్రమాణం) అని రాసుంది, 140 కేజీల దాకా, రింగులు వెనకొకటి ముందొకటి, అంతే. మా పక్కనే వెల్డింగ్ ఉంటుంది కాబట్టి నిప్పురవ్వలు తట్టుకునే అరామిడ్ పట్టీలది తీసుకున్నా. కెమికల్ ప్లాంట్లలో చేసేవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి, నైలాన్‌కి ఆసిడ్ పడదు, పాలిస్టర్‌కి గాఢమైన కాస్టిక్ పడదు. కొనేముందు టూల్ బ్యాగ్‌తో సహా తొడుక్కుని చూశా. తొడ పట్టీలో అరచెయ్యి చాపి పెడితే దూరాలి, పిడికిలి దూరకూడదు. ఇప్పుడు ఈ విషయంలో మా గ్యాంగులో నన్ను మించినోడు లేడు, పొద్దున్నే అందరి పట్టీలూ నేనే చూస్తున్నా.

ఇవాళ ఐదు నిమిషాలు వేలాడా. రింగు కదల్లేదు. ఆఫీసర్ ఏం మాట్లాడకుండా సీరియల్ నంబర్ రిజిస్టర్‌లో ఎక్కించి పాస్ మీద సంతకం పెట్టాడు.

బయటికి రాగానే మేస్త్రి, "ఆ పాతది నాకిచ్చెయ్యి తమ్ముడూ, కొత్తగా వచ్చిన కుర్రాడికి పనికొస్తది" అన్నాడు. నిన్న రాత్రే దాన్ని కత్తితో ముక్కలు ముక్కలు చేసేశా అన్నా.