తూటాలు వేరే చోట పెడతారా?

"పెద్ద తాతయ్యా, మీ ఇంట్లో గన్ ఉందా?"

గుంటూరులో మా పెదనాన్నగారింట్లో భోజనాలయ్యాక మా వాడు ఈ ప్రశ్న వేసేసరికి హాలంతా నవ్వులే. "అమెరికా పిల్లలకు ఇవే ధ్యాసలు కాబోలు" అంది పెద్దమ్మ. నవ్వనిది పెదనాన్న ఒక్కరే. "ఉందిరా" అన్నారు.

మా తాతయ్య పొలం కాపలా కోసం కొన్న డబుల్ బ్యారెల్ తుపాకీ అది. ఆయన పోయాక పెదనాన్న లైసెన్సు తన పేరు మీదకు మార్పించుకున్నారట. అలాంటిదొకటి ఉండేదని చిన్నప్పుడు విన్నానుగానీ, ఇప్పటికీ ఇంట్లోనే ఉందని నాకు తెలియదు. మా వాడు అక్కడితో ఊరుకోలేదు. "తాళం వేస్తారా? తూటాలు వేరే చోట పెడతారా?"

అందరం బీరువా వైపు చూశాం. తాళంచెవుల గుత్తి బీరువాకే వేలాడుతోంది. లోపల పెద్దమ్మ పట్టుచీరల వెనక గుడ్డసంచిలో తుపాకీ, అదే అరలో ఇంటిపన్ను రసీదుల పక్కన తూటాల డబ్బా. బీరువా తలుపు కింది భాగమంతా అన్నయ్య మనవరాలు అంటించిన బొమ్మల స్టిక్కర్లు. పెద్దమ్మ మాట్లాడకుండా లేచి, తాళం వేసి, గుత్తి నడుముకు దోపుకుంది.

విజయవాడ తిరిగి వస్తుంటే మంగళగిరి దాటేదాకా వాణ్ణి మందలిస్తూనే ఉన్నాను. పెద్దవాళ్ళని అలా నిలదీస్తారా, భోజనం పెట్టిన ఇంట్లో అడిగే మాటలేనా అవి అని. వాడు ఒకే ఒక్క మాటన్నాడు: "ఎవరింటికైనా ఆడుకోవడానికి వెళ్తే అడగాలని డాక్టర్ చెప్పింది కదా, నువ్వు కూడా తల ఊపావు."

ఊపాను, నిజమే. టెక్సస్‌లో పిల్లల డాక్టరు ఏడాదికోసారి అడిగే ప్రశ్నల్లో అదొకటి. మీ ఇంట్లో తుపాకీ ఉందా, పిల్లలు వెళ్ళే ఇళ్ళలో ఉందా? మొదటిదానికి 'లేదు' అని గర్వంగా చెబుతాను. రెండోదానికి కూడా అదే గొంతుతో 'లేదు' అంటాను. నిజానికి ఏ ఇంటివాళ్ళనీ నేను అడిగింది లేదు. వేరుశనగ పడదని చెబుతాను, కుక్క ఉందా అని అడుగుతాను, తుపాకీ దగ్గరకు వచ్చేసరికి పెళ్ళిచూపుల్లో జీతం ఎంతని అడిగినంత మొహమాటం. పిల్లలకు పెద్దంతరం చిన్నంతరం నేర్పాలని పంతం పట్టి కూర్చున్నదాన్ని. నేను నేర్పేది మర్యాదో పిరికితనమో ఆ కారులో నాకే అర్థం కాలేదు.

2020 నుంచి అమెరికాలో ఏడాది నుంచి 19 ఏళ్ళలోపు పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకులే, రోడ్డు ప్రమాదాలను కూడా దాటేశాయి. ఈ సంగతి విందుల్లో అందరికీ చెబుతుంటాను. 2022 మే 24న మా టెక్సస్‌లోనే ఉవాల్డే ఊరి బడిలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయినప్పుడు, విజయవాడ నుంచి అమ్మ ఫోన్ చేసి "వచ్చేయండి" అంది. మరుసటి ఏడాది మే 6న డాలస్ పక్కన అలెన్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చేశారు. వాళ్ళలో ఒక తెలుగమ్మాయి ఉంది. మళ్ళీ ఫోన్. మళ్ళీ "చూద్దాంలే అమ్మా". ఇంటి అప్పు, ఉద్యోగాలు, పిల్లల చదువు. ఏ లెక్కలో వాళ్ళ ప్రాణభయాన్ని ఏ అంకె పక్కన వేశామో అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

పెదనాన్నతో వాదించడం ఇంకా కష్టం. "1878లో తెల్లవాడు చట్టం చేసి మన చేతుల్లో ఆయుధాలు లేకుండా చేశాడు, తన జాతివాళ్ళకు మాత్రం మినహాయింపు ఇచ్చుకున్నాడు. 1959లో మనం కొత్త చట్టం చేసుకున్నా లైసెన్సు కావాలంటే ఇప్పటికీ సర్కారు దయే. మీ దేశంలో అది 1791 నుంచి హక్కు!" అంటారాయన. ఎన్నికల కోడ్ రాగానే తుపాకీ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకోవడం ఆయనకు తలకొట్టేసినట్టు ఉంటుందట. ఆ 1791 రాజ్యాంగ సవరణ ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకునే వ్యక్తిగత హక్కు ఇస్తుందని అమెరికా సుప్రీంకోర్టు 2008 దాకా స్పష్టంగా చెప్పలేదు కదా అని నేనంటే, "ఆలస్యమైనా చెప్పింది కదా" అని నవ్వుతారు. 2022 జూన్‌లో అదే కోర్టు ఆ హక్కును ఇంటి గడప దాటించి, బయట వెంట పెట్టుకు తిరగడానికీ వర్తింపజేసింది. ఆ వారంలోనే కొనుగోలుదారుల తనిఖీని కాస్త బిగించే చట్టం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు. ఒక చేత్తో తెరుస్తారు, ఇంకో చేత్తో మూస్తారు. టెక్సస్‌లోనైతే 2021 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళలో చాలామంది లైసెన్సు లేకుండానే నడుముకు పెట్టుకు తిరగవచ్చు.

ఇంత మాట్లాడతానా, మా ఇంట్లో సంగతి వేరు. వర్క్ వీసా మీద ఉన్నంతకాలం, వేట లైసెన్సులాంటి మినహాయింపులుంటే తప్ప, మాకు తుపాకీ కొనే వీలు లేదు. ఆ రోజుల్లో సిద్ధాంతం చాలా తేలిక. గ్రీన్‌కార్డు వచ్చింది, వీలూ వచ్చింది. మా వీధి వెనక ఒక తెలుగువాళ్ళింట్లో దొంగలు పడి బంగారమంతా ఊడ్చుకుపోయాక మా ఆయన "ఒకటి కొందామా?" అన్నారు. నేను ఉపన్యాసం ఇచ్చాను. అర్ధరాత్రి గరాజ్‌లో ఏదో చప్పుడైతే మాత్రం, కొని ఉంటే బాగుండేదని మొదట అనుకున్నది నేనే. ఉడత అని తేలాక మళ్ళీ సిద్ధాంతంలోకి వచ్చేశాను.

తిరిగొచ్చాక మా వాడికి ఒక స్నేహితుడి పుట్టినరోజుకు పిలుపు వచ్చింది, రాత్రి అక్కడే పడుకోవాలట. ఈసారి ఆ పిల్లవాడి తల్లికి మెసేజ్ పెట్టాను. వేరుశనగ గురించి, కుక్క గురించి రాసి, ఆ వరసలోనే మూడోదిగా తుపాకీ. ఫోన్ బోర్లా పెట్టి వంటింట్లోకి పారిపోయాను. జవాబు వెంటనే వచ్చింది. రెండున్నాయి, సేఫ్‌లో తాళం వేసి ఉంటాయి, తూటాలు వేరే గదిలో, అడిగినందుకు సంతోషం, మీ ఇంట్లో కూడా ఉన్నాయా అని.

మా పెదనాన్న కన్నా నయమే. అయినా 'ఉన్నాయి' అంటే ఏం చేయాలో నేను ముందుగా ఆలోచించుకోలేదు. పంపిద్దామంటారు మా ఆయన. కేకు కోశాక వెళ్ళి తెచ్చేసుకుందామంటాను నేను. రాత్రి ఉండనివ్వకపోతే అసలు వెళ్ళనని భీష్మించుకున్నాడు వాడు. పార్టీ శనివారం.