వార్డర్ షామన్ లాగ్: వాల్డరాన్ ముందు సగానికి పడిపోతున్న పిడుగు

గ్రిమ్ డాన్ అనే కంప్యూటర్ ఆటలో వాల్డరాన్ అనే బాస్ నిన్న రాత్రి కూడా చావలేదు. వాడి ప్రాణం మూడో వంతుకు దిగేదాకా బాగానే ఉంటుంది, అక్కడి నుంచి ఎంత బాదినా ప్రాణం చూపే గీత కదలదు. ఈలోపు నా ఎనర్జీ అడుగంటుతుంది, ప్రాణం తగ్గినప్పుడు ఆదుకునే మెన్‌హిర్స్ విల్ ఖర్చయిపోతుంది, ఇంకో రెండు దెబ్బలకు నేను కింద పడతాను. గ్రిమ్ డాన్‌లో ఒక్క బాస్ దగ్గర నాకు ఇంతగా కడుపు మండటం ఇదే మొదటిసారి.

మిగతా కథంతా సాఫీగానే నడిచింది. సోల్జర్, షామన్ అనే రెండు క్లాసులు కలిపిన వార్డర్, రెండు చేతుల గొడ్డలి, ప్రైమల్ స్ట్రైక్ అనే మెరుపు దెబ్బ, లెవెల్ 100, అల్టిమేట్ అనే కష్టం స్థాయి. నక్షత్ర మండలాల నుంచి అదనపు శక్తులిచ్చే డివోషన్ పాయింట్లు 55 పూర్తయ్యాయి. లాగ్‌హారియన్, మాస్టర్ ఆఫ్ ఫ్లెష్, కోర్వాక్ అనే ముగ్గురు బాస్‌లనూ ఒకే ఊపులో లేపేశాను. ఊల్టోస్ గేర్ సెట్ కూడా దొరికింది.

తర్వాత ఈథీరియల్ అనే శత్రు వర్గం వాళ్లను వరసపెట్టి చంపుకుంటూ పోయి వాళ్ల దగ్గర నా పేరు (రెప్యుటేషన్) -20,000కు దించాను, వారెంట్ అనే వస్తువు వాడితే ఇది తొందరగా అవుతుంది. దాంతో వాళ్ల నెమెసిస్ (పగ తీర్చుకోవడానికి వచ్చే బాస్) వాల్డరాన్ దిగాడు. వాడి బిరుదే స్టార్మ్ స్కర్జ్. మెరుపుతో కొట్టేవాడి మీదకు మెరుపుతోనే వెళ్తున్నాను కాబట్టి వాడి లైట్నింగ్ రెసిస్టెన్స్ (మెరుపు దెబ్బను ఎంత శాతం ఆపుతాడో ఆ అంకె) గట్టిగానే ఉంటుందని ముందే అనుకున్నాను. నాకు అర్థం కానిది వేరే ఉంది. మొదటి అరనిమిషం వాడి ప్రాణం చకచకా దిగుతుంది, ఆ తర్వాత అదే గేర్‌తో, అదే స్కిల్‌తో దెబ్బ సగానికి పడిపోతుంది. ఎందుకు?

మొదట లైట్నింగ్ డ్యామేజ్ స్వభావాన్నే అనుమానించాను. ఈ ఆటలో మెరుపు అంకెల కింది హద్దుకూ పై హద్దుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. ఒక దెబ్బ చప్పగా పోతుంది, తర్వాతిది గుండె ఝల్లుమనిపిస్తుంది. అందుకే తెర మీద ఎగిరే అంకెల్ని కంటితో చూసి ఏదీ తేల్చలేం. ఓబీఎస్ అనే స్క్రీన్ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫైట్ మొత్తం రికార్డు చేసి, ఫ్రేమ్ ఫ్రేమ్ జరుపుతూ క్రిటికల్ కాని దెబ్బల్ని మాత్రమే రాసుకున్నాను. మొదటి అరనిమిషంలో సగటు దెబ్బ 13 వేలకు అటూ ఇటూ. ఆ తర్వాత 6 వేల పైచిలుకు. హెచ్చుతగ్గుల వల్ల సగటు ఇంతగా మారదు. పైగా రికార్డింగులన్నిటిలోనూ ఇదే తీరు.

రెండో అనుమానం రెసిస్ట్ తగ్గింపు మీద. లెక్క ఇలా నడుస్తుంది. ముందు మైనస్ శాతాలు, ఇవి ఎన్ని చోట్ల నుంచి వచ్చినా అన్నీ కలుస్తాయి. తర్వాత 'ఇంత శాతం తగ్గింపు' రకం, ఇందులో పెద్దది ఒక్కటే పని చేస్తుంది. చివరికి నేరుగా కొంత తీసేసే అంకె, అందులోనూ పెద్దది ఒక్కటే. నా దగ్గర మూడున్నాయి: విండ్ డెవిల్ (నేను పిలిచే సుడిగాలి) మీద రేజింగ్ టెంపెస్ట్, రోవన్స్ క్రౌన్ డివోషన్ నుంచి ఎలిమెంటల్ స్టార్మ్ అనే తుఫాను, ఈ రెండూ మొదటి రకం; వైపర్ డివోషన్ ఇచ్చే 20%, ఇది రెండో రకం.

మాట వరసకు వాడి రెసిస్ట్ 70 అనుకుందాం. ఎలిమెంటల్ స్టార్మ్ 32 తీసేస్తుంది. రేజింగ్ టెంపెస్ట్ ఇంకో 25 తీస్తుందనుకుంటే మిగిలేది 13. అందులో వైపర్ 20% తగ్గిస్తే 10.4. అంటే నా దెబ్బలో దాదాపు 90% లోపలికి వెళ్తుంది. మొదటి రెండూ లేకపోతే? 70లో 20% పోయి 56 మిగులుతుంది, 44% దెబ్బే తగులుతుంది. 90కీ 44కీ ఉన్న తేడా చూడండి, నేను రికార్డింగులో చూసిన 13 వేలు, 6 వేలు కూడా దాదాపు అదే నిష్పత్తి.

అప్పుడు రికార్డింగ్ మళ్లీ పెట్టి, ఈసారి అంకెల్ని వదిలేసి నేల వైపు చూశాను. విషయమంతా అక్కడే ఉంది. వైపర్ నా దెబ్బతోపాటే వాడికి అంటుకుంటుంది, నేను కొడుతున్నంతసేపూ వదలదు. మిగతా రెండూ అలా కాదు. ఎలిమెంటల్ స్టార్మ్ ఎక్కడ పుడితే అక్కడే తిరుగుతూ ఉంటుంది. విండ్ డెవిల్ దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది, వాల్డరాన్‌ని వదిలేసి మూలనున్న చిల్లర శత్రువు దగ్గర సుడి తిరుగుతూ కూర్చుంటుంది. ఒక నిమిషం ఫైట్‌లో ఈ రెండూ కలిసి వాడి మీద ఉన్నది 20 సెకన్లకు మించి లేదు. సుమారు అరనిమిషం రెండూ లేవు.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. ప్రైమల్ స్ట్రైక్‌తో నాకు తిరిగొచ్చే ప్రాణమంతా కొట్టిన దెబ్బ మీదే ఆధారపడుతుంది. దెబ్బ సగమైతే ఆ ప్రాణం కూడా సగమే. ప్రాణం తగ్గితే ఎవేడ్ నొక్కి పక్కకు జరగాల్సిందే. నేను జరిగితే వాడు నా వెంట వస్తాడు, తుఫాను మాత్రం పాత చోటే ఉండిపోతుంది. దెబ్బ మళ్లీ సగం. ఈ చక్రంలో ఒకసారి పడ్డాక బయటికి రావడం కష్టం. వాడి గీత మూడో వంతు దగ్గర ఆగేది కూడా ఇందుకే, వాడు నింపుకుంటున్న ప్రాణానికీ నేను తీస్తున్న ప్రాణానికీ అక్కడ సరిపోతోంది.

డివోషన్ శక్తిని ఏదో ఒక స్కిల్‌కు కట్టాలి, ఆ స్కిల్ వల్లే అది పుడుతుంది. సరే అని ఎలిమెంటల్ స్టార్మ్‌ని ఏ స్కిల్‌కు కట్టాలన్నది మార్చి మార్చి చూశాను. ప్రైమల్ స్ట్రైక్‌కు కడితే పుట్టడం వాడి కాళ్ల కిందే పుడుతుంది, కానీ నేను పక్కకు జరిగి కొట్టడం ఆపిన క్షణాల్లో కొత్తది రాదు. విండ్ డెవిల్‌కు కడితే అన్నిటికన్నా దారుణం, అది తిరుగుబోతు కాబట్టి తుఫాను కూడా దాని వెంటే పోతుంది. చుట్టూ ఉన్న చిల్లర గుంపును ముందే ఖాళీ చేస్తే కొంత నయం. స్టార్మ్ టోటెమ్‌కు (నేలలో పాతితే మెరుపులు కొట్టే స్తంభం) కట్టినప్పుడు మంచి తేడా వచ్చింది. నేను పరుగెడుతున్నా టోటెమ్ తన పని తాను చేసుకుపోతుంది, దాని పరిధిలో వాడు ఉన్నంతసేపూ తుఫాను వాడి మీదే పడుతుంది. రెండు తగ్గింపులూ కలిసున్న సమయం నిమిషానికి అరనిమిషం దాకా వచ్చింది. వాడి ప్రాణం కూడా పావు వంతుకు దిగింది. అయినా చావలేదు.

గోడకు ఆనించి కొట్టడం కూడా చూశాను. వాడి వీపు గోడకు తగిలేలా నిలబడి, టోటెమ్‌ని నా కాళ్ల దగ్గరే పాతి, ఎవేడ్ జోలికి పోకుండా ఎడమ బటన్ నొక్కిపట్టి ఉంచాను. ఆయుధంలో హాంటెడ్ స్టీల్ అనే అమర్పు, ప్రాణం తగ్గినప్పుడు అది ఇచ్చే బ్లడ్‌థర్‌స్టర్ స్కిల్. నా లైట్నింగ్ రెసిస్ట్ 80, పైన ఇంకో 20 అదనం. అంతా నిలబడింది గానీ ఎనర్జీ నిలబడలేదు. ప్రైమల్ స్ట్రైక్ ఎనర్జీని నీళ్లలా తాగుతుంది. ఈసారి నగలో ఎనర్జీకి సాయపడే ఎక్టోప్లాజమ్ అనే అమర్పు పెట్టి చూడాలి, అయితే అక్కడ పోయే రెసిస్ట్‌ని గేర్‌కు అదనంగా అద్దే ఆగ్‌మెంట్లతో పూడ్చాలి.

ఇదంతా చేశాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే. క్యారెక్టర్ షీట్‌లో కనిపించే డీపీఎస్ (సెకనుకు పడే దెబ్బ) అంకె కోసం గేర్ మార్చడం మానేయాలి. నా షీట్ అంకె మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే, బయట మాత్రం దెబ్బ సగం. బిల్డ్ లెక్కలు వేసుకునే గ్రిమ్ టూల్స్ వెబ్‌సైట్ చాలా గొప్ప సాయం, అది లేకుండా నేను ఏ బిల్డూ మొదలుపెట్టను, కానీ తగ్గింపు ఎంతసేపు బాస్ మీద ఉంటుందో అది కూడా చెప్పలేదు. రికార్డు చేసి చూడాల్సిందే. రెయిన్‌బో ఫిల్టర్ కూడా పెట్టుకోండి, ఏ వస్తువు మీద ఏ డ్యామేజ్ ఉందో రంగుల్లో కనిపిస్తుంది, సంచిలో వెతుకులాట తగ్గుతుంది. మౌస్ విషయానికొస్తే గంటలకొద్దీ నొక్కిపట్టడానికి నా లాజిటెక్ జి304 చాలు, రంగు లైట్ల మౌస్‌లకు డబ్బు పెట్టడం దండగ.

వార్డర్‌ని పక్కన పెట్టను, ఎక్టోప్లాజమ్ మార్పు ఈ వారంలోనే చూస్తాను. కానీ మనసంతా షామన్, ఇన్‌క్విజిటర్ కలిపిన విండికేటర్ మీదకు పోతోంది. ఇన్‌క్విజిటర్‌లో ఆరా ఆఫ్ సెన్షర్ ఎలిమెంటల్ రెసిస్ట్ తగ్గిస్తుంది, పైగా అది నా చుట్టూనే ఉంటుంది, నేను ఎటు జరిగినా నాతోనే వస్తుంది. నా బాధకు నేరుగా మందు ఇదే. ఇన్‌క్విజిటర్ సీల్ కూడా ఉంది, అందులో నిలబడితే వచ్చే దెబ్బ తగ్గుతుంది. నేను కదలక్కర్లేకపోతే వాడూ కదలడు, తుఫాను వాడి మీదే ఉంటుంది. షామన్, డెమోలిషనిస్ట్ కలిపిన ఎలిమెంటలిస్ట్ గురించి కూడా ఆలోచించాను. డెమోలిషనిస్ట్ థర్మైట్ మైన్ ఫైర్, లైట్నింగ్, కేయాస్ మూడింటినీ దించుతుంది. కానీ అదీ నేలకు అతుక్కునేదే, మళ్లీ పాత గొడవే.

విండికేటర్‌కు గొడ్డలి బదులు రెండు చేతుల తుపాకీ ఇవ్వాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ప్రైమల్ స్ట్రైక్ తుపాకీతోనూ పని చేస్తుంది, అయితే దూరంగా నిలబడితే ఆరా అందదు. బహుశా తుపాకీ పట్టుకునే దగ్గరికి వెళ్లి కొట్టాలి. ఫ్యాంగ్స్ ఆఫ్ ఆస్టర్‌కార్న్ అనే ఎక్స్‌పాన్షన్‌లోని బెర్సర్కర్ క్లాసుని షామన్‌తో కలపాలని కూడా ఉంది, దాని సంగతి తర్వాత. ఈ ఆదివారం కొత్త షామన్‌ని ఆట మొదలయ్యే డెవిల్స్ క్రాసింగ్‌లో దింపుతున్నాను. మొదటి పాయింట్లు ప్రైమల్ స్ట్రైక్‌లోకి, సెన్షర్ అందేదాకా విండ్ డెవిల్‌లో ఒక్కటే.