కుళాయి ఎక్కడ పెట్టమంటారు?

రాత్రి పదకొండు దాటింది. ఈయన నిద్రపోయి గంటయింది. నేను మాత్రం గళ్ల కాగితం ముందేసుకుని కూర్చున్నాను. కారణం మేస్త్రి. సాయంత్రం ఫోన్ చేసి, "అమ్మా, పెరట్లో కుళాయి ఎక్కడ పెట్టమంటారు? పొద్దున్నే పైపు వేసేస్తాం" అన్నాడు.

ఇంతే ప్రశ్న. కొత్తింటి పెరడు మీద రెండు నెలలుగా నేను గీసిన బొమ్మలు పద్నాలుగు. బల్ల ఎక్కడ వేయాలో ఉంది, నడిచే రాళ్లు ఎన్నో ఉంది, ఇంకా మనింటికి రాని పిల్లి ఎక్కడ పడుకుంటుందో కూడా ఉంది (మా చిన్నమ్మాయి పని అది). కుళాయి మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

"ఆలోచించి చెప్తానయ్యా" అన్నాను, అప్పటికేదో పెద్ద లెక్క వేస్తున్నట్టు.

నా మోకాళ్ల నొప్పుల సంగతి మీకు కొత్త కాదు. అందుకే ఈసారి చాకిరీ లేని పెరడు కావాలని మొదట్నుంచీ పట్టుబట్టాను. నా ప్లాన్ చాలా తేలిక. నేల చదును చేయించి, కలుపు లేవకుండా గుడ్డలాంటి ఆ కలుపు షీటు పరిపించి, దాని మీద తెల్ల గులకరాళ్లు పోయించి, నాలుగు మొక్కలు పెట్టి చేతులు దులుపుకోవడం. ఈయన ప్లాన్ ఇంకా తేలిక. మొత్తం సిమెంటు.

ఇక్కడ నా ఒళ్లు మండే సంగతి ఒకటి చెప్పాలి. ఈయన సిమెంటు అనడం కాదు, అనే తీరు. ఇంటికి ఎవరొచ్చినా వెనక తలుపు తీసి ఆ మట్టి చూపించి, "ఆవిడకి ఇక్కడ అడవి కావాలిట" అని నవ్వడం. వాళ్లూ నవ్వడం. నేను అడిగింది నాలుగు మొక్కలు. నాలుగంటే నాలుగే, కాగితం మీద లెక్కపెట్టుకోవచ్చు. నిన్న వచ్చినాయన అయితే ఇంకో అడుగు ముందుకేసి, "ప్లాస్టిక్ గడ్డి వేసేయండమ్మా, నీళ్లూ అక్కర్లేదు, కత్తిరింపూ అక్కర్లేదు" అని సలహా పారేశాడు. ఎర్రటి ఎండలో ఆ గడ్డి మీద చెప్పుల్లేకుండా ఒక్క నిమిషం నిలబడి చూస్తే తెలుస్తుంది. కాలు పెట్టలేనంత కాలుతుంది. దుమ్మూ ఆకులూ దాని మీదా పడతాయి, ఊడవాలి, కడగాలి. నీళ్లు అక్కర్లేదట!

అసలు ఆ మట్టే మట్టి కాదు. ఇల్లు కట్టినవాళ్లు మిగిలిన ఇటుక ముక్కలూ గట్టిపడ్డ సిమెంటు ఉండలూ అక్కడే పోసి, పైన రెండంగుళాల ఎర్రమట్టి కప్పి వెళ్లారు. దాని మీద లారీలు తిరిగి తిరిగి గచ్చులా తయారైంది. పోయిన వారం అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వించి నీళ్లు నింపాను. ఒకసారి ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకి ఎంత దిగుతుందో చూడాలి. ఒకటి నుంచి మూడంగుళాల దాకా దిగితే మంచి నేల అన్నట్టు. మాకు రెండోసారి నింపే అవసరమే రాలేదు. పొద్దున వెళ్లి చూస్తే మొదటిసారి పోసిన నీళ్లు సగం అలాగే ఉన్నాయి. ఒక కప్ప కూడా చేరింది.

సరే, గులకరాళ్ల దగ్గరికి వస్తాను. ఆ ప్లాన్ ఇవాళ సాయంత్రం దాకా బతికే ఉంది. దాన్ని చంపింది నాన్న.

చిన్నప్పుడు మేమున్న ఇంటి వెనక నిండా తుంగ. సెలవు రోజు పొద్దున్నే నాన్న పీట వేసుకుని, చేతిలో చిన్న గునపంతో, అన్నయ్యనీ నన్నూ చెరో పక్క కూర్చోబెట్టేవారు. ముందు నేల తడిపేవారు. "పైన పట్టుకు లాగితే అది నవ్వుకుంటుంది. అడుక్కి వెళ్లాలి" అనేవారు. తుంగ కాడ మూడు పలకలుగా ఉంటుంది, వేళ్ల మధ్య తిప్పితే తెలుస్తుంది. దాని పక్కన గునపం దింపి, మట్టిని మెల్లగా లేపి, కాడ వెంట వేలు పోనిస్తే లోపల నల్లటి ముస్తె, అదే తుంగ గడ్డ, తగిలేది. దానికి సన్నటి దారం, దారం చివర ఇంకో ముస్తె, అక్కణ్ణించి ఇంకోటి. దండలో పూసల్లా. గోటితో గిల్లితే లోపల తెల్లగా, ఏదో మందు వాసన. తెగకుండా ఎవరు ఎక్కువ తీస్తే వాళ్లు గొప్ప. ఒకసారి నేను ఏడు తీశాను. అన్నయ్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

తీసినవన్నీ పాత డబ్బాలో వేసి, ఎండిపోతాయిలే అని నేను గోడ పక్కన కుమ్మరించాను. ఆ రాత్రే వాన. పది రోజులకి, అంతకుముందు తుంగ లేని ఆ ఒక్క మూల కూడా పచ్చగా లేచింది. నాన్న చూశారు. నన్నేమీ అనలేదు. పీట అటు జరుపుకున్నారంతే. మేం ఆ ఇల్లు వదిలేసి వచ్చేనాటికి కూడా తుంగ అక్కడే ఉంది.

ఆ పని నాకెప్పుడూ పనిలా అనిపించలేదని రాయబోయి ఆగాను. అబద్ధం. వీపు కాలేది, గోళ్లలో మట్టి రెండు రోజులు పోయేది కాదు, స్నేహితులంతా ఆడుకుంటుంటే నాకు ఏడుపొచ్చేది. ఆ ఏడు ముస్తెల దండ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. రెండూ నిజమే.

విషయం ఏమిటంటే, తుంగ మొలక సూదిలాంటిది. ప్లాస్టిక్ పట్టానే పొడుచుకుని పైకి వస్తుంది, కలుపు షీటు ఒక లెక్కా? పైగా షీటు కింద నుంచి వచ్చేదే కలుపు అనుకుంటాం గానీ, ఏళ్లు గడిచేకొద్దీ రాళ్ల సందుల్లో దుమ్మూ రాలిన ఆకులూ చేరి, షీటు పైనే కొత్త మట్టి తయారవుతుంది. గాలికొచ్చిన గింజలు అందులో పడి, వేళ్లు షీటులోకి అల్లుకుంటాయి. అప్పుడు రాళ్లు ఎత్తి, షీటు చించి, కలుపు తీసి... నా మోకాళ్లతో? తెల్ల గులకరాళ్ల మీంచి ఎండుటాకులు ఏరడం ఊహించుకున్నాను. చీపురుతో ఊడిస్తే రాళ్లూ వస్తాయి. ఆ కాగితం చించేశాను.

ఇక్కడ నాకిష్టం లేని మాట రాయాలి. ఈయన సిమెంటు మరీ అంత తప్పేం కాదు. మొత్తం అక్కర్లేదు గానీ, వెనక తలుపు ముందు ఆరడుగుల మేర గట్టి నేల ఉండాల్సిందే. బట్టలు ఆరేసుకోవడానికి, కుర్చీ వేసుకోవడానికి. అడుగుకి పావంగుళం చొప్పున బయటికి వాలు ఉంటే చాలు, నీళ్లు నిలవవు. మిగతా మట్టి నేలకి ఇంకా ఎక్కువ కావాలి, గోడ నుంచి మొదటి పదడుగుల్లో ఆరంగుళాలు దిగాలి. లేకపోతే వాన నీళ్లన్నీ పునాది దగ్గరికే చేరతాయి. ఈయనకి పొద్దున ఈ మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. "చూశావా" అంటారు.

గచ్చుకి అవతల మొక్కలు. వాటి మొదళ్లలో మూడంగుళాల మందాన ఎండుటాకులో చెక్క పొట్టో, కాండానికి మాత్రం ఆనకుండా. అది కుళ్లి మట్టిలో కలుస్తుంది, ఏటా కాస్త పోసుకోవాలి. వంగి ఏరే పని కంటే నిలబడి పోసే పని నయం కదా. ఇలా ఏ పని నాకు చిరాకు తెప్పించదో చూసుకుంటూ వస్తే ప్లాన్ దానంతటదే కుదురుకుంటోంది. చిన్నది మధ్యలో వచ్చి ఫోన్‌లో చదివి వినిపించింది. నీళ్లు తక్కువ వాడే తోటలకి 'జెరిస్కేప్' అని పేరు పెట్టింది 1981లో అమెరికాలోని డెన్వర్ నీటి సంస్థ వాళ్లట, దానికి ఏడు సూత్రాలట. బానే ఉంది అనుకుంటూ విన్నాను. ఏడోది ఏమిటో తెలుసా? నిర్వహణ! అంటే వాళ్లు కూడా తప్పించుకోలేకపోయారన్నమాట.

చిన్నదానికి మాత్రం పచ్చిక కావాలి. ఒకసారి కోతలో మూడో వంతుకి మించి కొయ్యకూడదు, బాగా పెరిగే రోజుల్లో దాదాపు వారం వారం కొయ్యాలి, ఎవరు కోస్తారు అన్నాను. "నేనే" అంది. మీకు తెలుసు కదా ఆ 'నేనే' విలువ. చాపంత ముక్క ఇచ్చాను. కూర్చోవడానికి అంతకన్నా అక్కర్లేదు.

ఇక కుళాయి. మొక్కలు గీస్తూ ఉంటే తెలిసింది, నేను తిప్పి గీశానని. నీళ్లు ఎక్కువ తాగేవన్నీ ఒకచోట, తాగనివన్నీ ఒకచోట పెట్టాలి. తాగేవి కుళాయి దగ్గర. మందారం, ఆ పచ్చిక ముక్క తలుపు పక్కకి వచ్చాయి. గన్నేరు, కాగితప్పూలు చివరి గోడకి వెళ్లాయి, వేళ్లూనుకున్నాక వాటికి నీళ్ల గోల పెద్దగా ఉండదు. గన్నేరు పక్కన, అది పూర్తిగా పెరిగితే ఎంత అవుతుందో అంత గీత గీసి, లోపల ఏమీ పెట్టకుండా వదిలేశాను. చూడ్డానికి ఇప్పుడు బోసిగానే ఉంటుంది. ఈయన దాన్ని చూసి కూడా నవ్వుతారు, నవ్వనీ.

ఆ లెక్కన కుళాయి తలుపుకి ఎడమ పక్క, గచ్చు అంచున. డ్రిప్పు వేయిస్తే దాని ఫిల్టరు కడగడానికీ అక్కడే చెయ్యి అందుతుంది. మేస్త్రికి మెసేజ్ పెట్టేశాను. ఈ టైములో చూడడులే అనుకున్నాను.

వెంటనే జవాబు. "సరేనమ్మా. ఎత్తు ఎంత? కింద బకెట్ పట్టాలా, పైపు తగిలిస్తే చాలా?"

ఇప్పుడు టేపు పట్టుకుని బాత్రూంలోకి వెళ్తున్నాను, బకెట్ కొలవడానికి. చప్పుడైతే ఈయన లేస్తారు.